పేలుడు బొమ్మ ఎట్లా చేయాలి, ఎక్కడ పెట్టకూడదు



మన హాల్లో ఆదివారం మధ్యాహ్నం జరిగే కంప్యూటర్ తరగతి గురించి ఈమధ్య రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. పిల్లలు బొమ్మలు బాగా చేస్తున్నారు అనేది ఒకటి. వెంబకోట్టైలో పుట్టిన పిల్లలకు పేలుడు బొమ్మ నేర్పడమేమిటి, ఇంకేమీ దొరకలేదా అనేది రెండోది. ఆ రెండో మాట అన్నవాళ్ళ మీద మాకు కోపం లేదు. అడగాల్సిన మాటే అడిగారు. దానికి వాట్సాప్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం మావల్ల కాలేదు, అందుకే ఇంత పొడుగున రాస్తున్నాం. తీరిగ్గా చదవండి. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుకున్న మనలో చాలామందికి ఈ అక్షరాలు రావు కదా, వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించండి.

ముందు, ఆ పాఠమే ఎందుకు? మన చుట్టుపక్కల శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిలో డీటీపీ అంగడికో ప్రెస్సుకో పనికి పోయే పిల్లలకు చేతిలో ఉండాల్సిన విద్య అది. టపాకాయల డబ్బా లేబుల్, కేలండర్, ఫ్లెక్సు, పండగ పోస్టరు, ఏది తీసుకున్నా వెనకాల ఒక వెలుగు కావాలి. మధ్యలో తెల్లగా, చుట్టూ పసుపు, ఆపైన నారింజ, చివర చీకట్లో కలిసిపోయే ఎరుపు. ఆకాశంలో నక్షత్రం పగిలినట్టు ఉండాలంటారు. అది సరిగ్గా చేయగలిగితే లేయర్లు, బ్లెండ్ మోడ్‌లు, ఫిల్టర్లు, రంగుల లెక్క అన్నీ వచ్చినట్టే. ఒక్క బొమ్మలో పని మొత్తం నేర్పవచ్చు. పిల్లలకూ అదే కావాలి. గులాబీ పువ్వు చేద్దామంటే ఎవరూ కూర్చోరు, పేలుడు అంటే అందరూ కూర్చుంటారు.

ఇక పని చెప్తాం. తరగతికి రాలేని పెద్దపిల్లలు ఇంట్లో చేసుకోవచ్చు. ఫోటోషాప్ ఉన్నవాళ్ళు అందులో చేయండి. లేనివాళ్ళకు గింప్ ఉంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు. గింప్‌లో ఫిల్టర్ల కింద లైట్ అండ్ షాడో అనే చోట సూపర్‌నోవా అని ఒక ఫిల్టరే ఉంది. ఒక్క నొక్కుకు నక్షత్రం వెలుగుతుంది. మేం మాత్రం పిల్లలకు మొదట దాన్ని చూపించలేదు. చేత్తో చేయడం వచ్చాక చూపించాం.

రెండు వేల పిక్సెళ్ళ చదరం ఒకటి తెరిచి పూర్తిగా నల్లరంగు నింపండి. దాని మీద ఇంకో నల్ల లేయర్ పెట్టి యాడ్ నాయిస్ వేయండి, మోనోక్రోమాటిక్ అనే చోట టిక్కు పెట్టండి. తెర మీద ఇసుక చల్లినట్టు అవుతుంది. కొంచెం బ్లర్ చేసి, లెవెల్స్‌లో నల్ల ముల్లును కుడివైపుకి జరుపుతూ పోతే ఇసుక అంతా మునిగిపోయి అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు మిగులుతాయి. అవే నక్షత్రాలు. తర్వాత కొత్త లేయర్‌లో నడిమధ్య నుంచి బయటికి గుండ్రంగా గ్రేడియంట్ లాగండి, మధ్యలో తెలుపు, అంచుకు నలుపు. దాని పైన ఇంకో లేయర్‌లో క్లౌడ్స్, ఆ తర్వాత డిఫరెన్స్ క్లౌడ్స్ రెండు మూడుసార్లు వేసి, ఆ లేయర్‌ను కలర్ డాడ్జ్‌కు మార్చండి. వెంటనే మబ్బుకు నిప్పు అంటుకున్నట్టు కనబడుతుంది.

ఇప్పుడు కనబడేదంతా ఒక కొత్త లేయర్‌గా చేసుకుని రేడియల్ బ్లర్ వేయండి. స్పిన్ కాదు, జూమ్. అమౌంట్ 100. దాన్ని స్క్రీన్ మోడ్‌లో పైన పెడితే మధ్య నుంచి కిరణాలు బయటికి దూసుకొస్తాయి. చివరన గ్రేడియంట్ మ్యాప్ ఒకటి పెట్టి నలుపు, ముదురు ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు అనే వరసలో రంగులు ఇవ్వండి. ఈ వరస మనకు కొత్తది కాదు. కమ్మరి కొలిమిలో ఇనుము వేడెక్కేటప్పుడు ఇదే వరస, చల్లారేటప్పుడు ఇదే తిరగేసి. అంతే, బొమ్మ అయిపోయింది.

ఇందులో పిల్లలకు అర్థం కావాల్సిన లెక్క రెండే. తెర మీద ప్రతి చుక్కకూ ఎరుపు, పచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. స్క్రీన్ మోడ్‌లో రెండు వెలుగులు కలిస్తే ఎంత కలిసినా 255 దాటదు. 200 మీద 200 పెడితే 400 రాదు, 243 దగ్గర ఆగుతుంది. నలుపు దేనికీ ఏమీ కలపదు. కలర్ డాడ్జ్ వేరే రకం. కింద 100 ఉన్నచోట పైన 128 పెడితే దాదాపు 200కు ఎగబాకుతుంది. కింద 0 ఉంటే మాత్రం పైన ఏం పెట్టినా 0 గానే ఉంటుంది. అంటే అది ఉన్న వెలుగును పెంచుతుంది, లేనిచోట పుట్టించదు.

కొత్తగా వచ్చిన పిల్లలందరూ మొదట చేసేది ఒక్కటే, బొమ్మంతా వెలిగించేస్తారు. అప్పుడది పేలుడులా ఉండదు, సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. సగానికి పైగా నలుపు ఉంచండి, వెలుగు దానంతట అదే కనబడుతుంది అంటే మొదట నమ్మరు. చేసి చూపిస్తే నమ్ముతారు.

ఆకాశంలో నిజంగా ఇట్లాగే ఉంటుందా అని పిల్లలు అడిగారు. అడగాల్సిందే. ఫోటోషాప్ మొదటి వెర్షన్ అమ్మకానికి వచ్చింది 1990 ఫిబ్రవరిలో, థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో హబుల్ టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపారు. అంటే ఆ రెండింటి వయసూ ఒకటే. హబుల్ పంపే బొమ్మలు నలుపు తెలుపులోనే వస్తాయి. ఒక్కో ఫిల్టర్ వెనక నుంచి ఒక్కోటి తీసి, వాటికి ఇక్కడ కంప్యూటర్‌లో రంగులిచ్చి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. 1995లో తీసిన పేరుమోసిన మబ్బుస్తంభాల బొమ్మలో గంధకం వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్ వెలుగుకు పచ్చ, ఆక్సిజన్ వెలుగుకు నీలం ఇచ్చారు. మనం చేసే లేయర్ల పనే అది, కాకపోతే వాళ్ళ లేయర్లు నిజమైనవి.

1054లో వృషభరాశిలో ఒక నక్షత్రం పగిలింది. చైనా వాళ్ళు చూసి రాసిపెట్టారు. పట్టపగలు కూడా మూడు వారాలకు పైగా కనబడిందట. దాని ముక్కలే ఇప్పుడు క్రాబ్ నెబ్యులా, మనకు దాదాపు 6,500 కాంతి సంవత్సరాల దూరం. ఇంత కాలం తర్వాత కూడా ఆ ముక్కలు సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో దూరం పోతూనే ఉన్నాయి. కిరణాలు కిరణాలుగా కాదు, చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంటుంది. మనం వేసే గీతలు చేతి అలవాటు, కంటికి బాగుంటాయని వేస్తాం. అక్కడ గాలి లేదు కాబట్టి ఆ పేలుడుకు చప్పుడు కూడా లేదు.

ఇంకొక మాట పిల్లలకు బాగా నచ్చింది. నక్షత్రాలు పగిలినప్పుడు చెల్లాచెదురైన ఇనుమే మన భూమిలో ఉన్న ఇనుము. కంబి మత్తాపు వెలిగిస్తే చిటపటమని రాలే బంగారు చుక్కలు ఇనుప రజను. ఆంధ్రలో వాళ్ళు దాన్ని కాకరపువ్వొత్తి అంటారు. పేరు ఏదైనా అందులో మండేది ఒకప్పటి నక్షత్రపు ముక్కే.

తక్కిన రంగులు మన ఊరివాళ్ళకు నేర్పక్కర్లేదు. స్ట్రాన్షియం ఉప్పుతో ఎరుపు, బేరియంతో పచ్చ, రాగితో నీలం, సోడియంతో పసుపు, అల్యూమినియం పొడితో తెలుపు. మన పిల్లల్లో కొందరికి ఈ పేర్లు రసాయన శాస్త్రం పుస్తకం కంటే ముందు ఇంట్లోనే తెలుసు. అమ్మ చేతిగోళ్ళకు అంటిన వెండిరంగు ఎంత కడిగినా పోదు కదా, అది అల్యూమినియమే. బేరియం ఉప్పుల మీద 2018 అక్టోబర్ 23న సుప్రీంకోర్టు నిషేధం చెప్పాక పని ఎట్లా మారిందో, ఎన్ని నెలలు కూలి లేకుండా గడిచిందో ఆ ఇళ్ళల్లోనే అడగాలి.

ఇక ప్రెస్సు సంగతి. 1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అని ఇద్దరు కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చారు. అగ్గిపెట్టె వచ్చాక దాని మీద అంటించే లేబుల్ కావాల్సి వచ్చింది, లేబుల్ కోసం అచ్చు పని పెరిగింది, అగ్గిమందు తెలిసిన చేతులు టపాకాయలకు దిగాయి. అగ్గి, మందు, అచ్చు మూడూ ఈ కరిసల్ నేలలో ఒకే ఇంటి పిల్లలు. వానలు నమ్ముకుని పత్తి, జొన్న వేసి దెబ్బతిన్న మన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ఆ పనుల్లోకి పోయారు. నేల దగాచేసినా కూలి దొరికేది, అదొక్కటే లెక్క.

తెర మీద మెరిసిన బొమ్మ అచ్చులోకి పోగానే చచ్చిపోతుంది. కొత్తగా పనిలోకి వచ్చిన ప్రతి పిల్లవాడూ దీనికి ఏడుస్తాడు. తెర తన వెలుగు తాను విసురుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, మీద పడ్డ వెలుగునే తిప్పి పంపుతుంది. అచ్చులో నాలుగు ఇంకులు, సయాన్, మజెంటా, పసుపు, నలుపు. ఇందులో తెలుపు అనే ఇంకు లేదు. ఒట్టి నలుపు ఇంకు వేస్తే బూడిదలా వెలవెలబోతుంది, దాని కింద కొంచెం సయాన్, మజెంటా కూడా వేసి నలుపును చిక్కన చేస్తారు. మరీ ఎక్కువ వేస్తే ఇంకు ఆరదు, ఒక కాగితం వీపుకు ఇంకోటి అంటుకుంటుంది. నలుపు అంత చిక్కగా ఉంటేనే మధ్యలో తెలుపు మెరుస్తుంది. ఆ తెలుపు ఏమిటో తెలుసా? ఒట్టి కాగితం. టపాకాయల డబ్బా మీద అన్నిటికంటే ఎక్కువ వెలుగున్న చోటు, ఎవరి చెయ్యీ ఏ ఇంకూ తగలని చోటు.

ఈ ఒక్క విషయం తెలిస్తే లేబుల్‌ను చూసే కన్ను మారిపోతుంది. ఇంట్లో ఏదైనా పాత డబ్బా ఉంటే ఎండలో పెట్టి, వీలైతే భూతద్దంతో చూడండి. చుక్కలు చుక్కలుగా నాలుగు రంగులు కనబడతాయి, నడిమధ్యకు వచ్చేసరికి చుక్కలు ఆగిపోతాయి.

ఇంతవరకూ చేతి పని. మీరు అడిగిన ప్రశ్న ఇప్పుడు వస్తుంది.

ఒక ఆదివారం పిల్లల బొమ్మలన్నీ గోడ మీద ప్రొజెక్టర్‌తో వేసి చూపిస్తున్నాం. మన సభ్యురాలు ఒకామె మనవడిని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి వెనకాల నిలబడింది. చాలా ఏళ్ళు ఫైర్‌వర్క్స్‌లో పని చేసి, ఒకసారి పక్క గది లేచిపోవడం కళ్ళారా చూసి, ఆ తర్వాత మానేసిన మనిషి. బొమ్మలన్నీ ఓపిగ్గా చూసింది. "బాగుండాయప్పా, కానీ ఇట్ల ఉండదు" అంది. ఎట్లా ఉంటుందని మేం అడగలేదు, తానే చెప్పింది. "గీతలు గీతలుగా ఏమీ రాదు. కంటి ముందర తెల్లగా అయిపోతుంది, అంతే. ఆనక పొగ, దుమ్ము. రంగే లేదు."

ఆమె చెప్పింది పని తెలిసిన మనిషి చెప్పిన మాట. టపాకాయ ఆకాశంలో పువ్వులా విచ్చుకుంటుందంటే, దాని లోపల మందు ఉండలు ఒక వరసలో, ఒక లెక్కలో పేర్చి ఉంటాయి కాబట్టి. ఒక్కో ఉండ దాని దారిన అది మండుతూ పోతుంది, మనకు గీత కనబడుతుంది. గదిలో రాశిగా ఉన్న మందుకు వరస లేదు. అంతా ఒకే క్షణంలో. కంటికి, కెమెరాకు దేనికైనా 255 దాటిన వెలుగు ఒట్టి తెలుపే. అందులో ఎరుపూ లేదు, పచ్చా లేదు. ఆకాశంలో పేలుడుకు చప్పుడు లేదని చెప్పామే, మన దగ్గర తిరగేసి ఉంటుంది. చాలామందికి చప్పుడొక్కటే తెలుస్తుంది. పొలంలో ఉన్నవాళ్ళు, బడిలో ఉన్న పిల్లలు ఆ చప్పుడు విని, ఏ దిక్కునుంచి వచ్చిందో చూసి, ఆ దిక్కున తమవాళ్ళు ఎవరు పనికి పోయారో లెక్కపెట్టుకుంటారు.

తేదీలు మీకు చెప్పాలా? 2012 సెప్టెంబర్ 5, శివకాశి దగ్గర ముదలిపట్టి, 40 మంది దాకా. 2021 ఫిబ్రవరి 12, సాత్తూరు దగ్గర అచ్చంకుళం, 20 మందికి పైగా. 2024 ఫిబ్రవరి 17, మన వెంబకోట్టై దగ్గర రాముదేవన్‌పట్టి, 10 మంది. ఇవి పేపర్లో మొదటి పేజీకి ఎక్కినవి. ఒకరిద్దరు పోయినవి లోపలి పేజీల్లో ఉంటాయి. కారణాలు ప్రతిసారీ వినే కారణాలే. మందు కలిపేటప్పుడు రాపిడి, నలుగురికి మించి ఉండకూడదన్న గదిలో ఇంకా మందిని కూర్చోబెట్టడం, కలిపిన మందు మిగిలితే మర్నాటిదాకా ఉంచడం, అల్యూమినియం పొడికి తడి తగిలి లోలోపల వేడెక్కడం. నియమాలన్నీ కాగితం మీద ఉన్నాయి. కాగితం మీద ఉండడానికీ గదిలో ఉండడానికీ తేడా మనకు తెలుసు.

ఆమె మాట విన్న తర్వాత మాకు ఇంకో సంగతి పట్టుకుంది. మాలో ఇద్దరు డీటీపీ అంగళ్ళలో ఏళ్ళ తరబడి పని చేస్తున్నవాళ్ళు. అంగడి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉంటుంది, దాన్లో తయారుగా ఉన్న వెలుగు బొమ్మలు పది పదిహేను. పండగ ముందు టపాకాయల లేబుల్‌కు ఆ ఫైలే తెరుస్తారు. పెళ్ళి ఫ్లెక్సులో వధూవరుల వెనక అదే. కోడలి సీమంతానికి అదే. ఎవరైనా పోతే రాత్రికి రాత్రి కన్నీర్ అంజలి పోస్టర్ కావాలి కదా, ఫోటో వెనక పెట్టడానికీ అదే ఫైల్. గుండ్రటి వెలుగు, చుట్టూ కిరణాలు, రెండు పావురాలు, కింద దీపం. దేవుడి బొమ్మ వెనక ప్రభ ఉన్నట్టు ఉంటుందని మనవాళ్ళే అడిగి పెట్టించుకుంటారు. అందులో తప్పేమీ లేదు, పోయినవాళ్ళకు గౌరవంగా పెడతారు.

కానీ టపాకాయల ప్రమాదంలో పోయిన మనిషి ఫోటో వెనక ఆ కిరణాల బొమ్మ పెట్టిన పోస్టర్లు మన బస్టాండు గోడల మీదే చూశాం. పెట్టినవాడికి ఆ ఆలోచన లేదు. తెల్లారేలోపు అంటించాలి, చేతికి అందిన ఫైల్ తీసి పెట్టాడు. ఏడుస్తున్న ఇంటివాళ్ళు పేరు, తేదీలు సరిగ్గా ఉన్నాయా లేదా చూస్తారు, వెనక ఏముందో చూసే స్థితిలో ఉండరు. నెల తర్వాత, పదహారు రోజుల కర్మ కూడా అయిపోయాక, వర్షానికి సగం చినిగిన ఆ పోస్టర్ ముందు బస్సు కోసం నిలబడ్డ ఇంటి ఆడపిల్ల చూస్తుంది. అప్పుడు చూస్తుంది.

అందుకే పేలుడు బొమ్మ నేర్పవద్దు అన్నవాళ్ళకు మా జవాబు ఇది. మన పిల్లలకు నేర్పాలి, మన పిల్లలకే ఇంకా బాగా నేర్పాలి. ఆ వెలుగు ఏమిటో, దేనితో వస్తుందో, అది కాగితం మీద ఎందుకు అట్లా కనబడుతుందో తెలిసినవాడికి దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో కూడా తెలుస్తుంది. తెలియనివాడు ఫోల్డర్‌లో దొరికింది పెడతాడు. పైగా అది కూడు పెట్టే విద్య. లేబుల్ మీద పేలుడు చేసే పిల్లవాడు సాయంత్రం ఇంటికి వస్తాడు. ఫైర్‌వర్క్స్ వ్యాన్ ఎక్కినవాళ్ళు రారని మేం అనడం లేదు, ఎంతోమంది వస్తున్నారు, వాళ్ళ కష్టంతోనే మనలో సగం ఇళ్ళు లేచాయి. ఆ పనిని తక్కువ చేసే హక్కు ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. ఇంటికి ఒక్కరైనా వేరే పని చేతిలో ఉంచుకుంటే, అప్పుడు వ్యాన్ ఎక్కడం, ఎక్కకపోవడం వాళ్ళు ఎంచుకున్నది అవుతుంది. అంతకంటే పెద్ద మాటలు మా దగ్గర లేవు.

ఈ సంగతులన్నీ గత నెల కూర్చుని మాట్లాడుకుని మనం రెండు పనులు అనుకున్నాం. సమావేశానికి రాలేనివాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నాం.

మొదటిది, సంఘం తరఫున ఒక కన్నీర్ అంజలి నమూనా తయారైంది. వెనక కిరణాలు లేవు, పావురాలు లేవు. లేత బూడిద రంగు, మనిషి ముఖం పెద్దగా, పేరు తమిళంలో, కింద తెలుగులో, ఊరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. వెలుగు ఫోటోలో ఉన్న ముఖం మీద ఎంత ఉందో అంతే. ఎవరి ఇంట్లో అవసరం పడినా అర్ధరాత్రయినా సరే ఫోన్ చేయండి, మా పిల్లలు చేసి ఇస్తారు, డబ్బు తీసుకోరు. ప్రభ కావాలి అని ఇంటివాళ్ళు కోరితే పెడతాం, అది ఇంటివాళ్ళ ఇష్టం. అడగకుండా పెట్టం.

రెండోది మీరు చేయాల్సిన పని. ఇన్నేళ్ళుగా ఈ పోస్టర్లు చేస్తూ మేం చూసిందేమంటే, పోయిన మనిషికి మంచి ఫోటో ఉండదు. ముఖ్యంగా కూలికి పోయే ఆడవాళ్ళకు. ఇంటివాళ్ళు ఆధార్ కార్డో, ఓటరు కార్డో తీసుకొస్తారు. గోరంత బొమ్మ, బెదిరిన ముఖం. దాన్ని పదడుగుల ఫ్లెక్సుకు పెంచాలి. పెంచితే ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. లేదంటే పెళ్ళి గుంపు ఫోటోలో మూడో వరసలో నిలబడ్డ మనిషిని కత్తిరించాలి, భుజం మీద పక్కవాళ్ళ చెయ్యి మిగిలిపోతుంది. ఆ చేతిని తుడిచేటప్పుడు మా పిల్లలకు చేతులు వణుకుతాయి. లేని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. కలర్ డాడ్జ్ లెక్కే, కింద 0 ఉంటే పైన ఏం పెట్టినా 0.

కాబట్టి మీ ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ ఒక మంచి ఫోటో తీసి ఉంచండి. పండగకు కొత్త బట్టలు కట్టుకున్న రోజు తీయండి. పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య, ఇంటి వసారాలో నీడన, ముఖం ఎండ వైపు తిప్పి నిలబెట్టండి. మిట్టమధ్యాహ్నం వద్దు, కళ్ళ కింద నల్లటి నీడలు పడతాయి. ఫ్లాష్ వద్దు. గోడకు ఆనించకండి, రెండడుగులు ముందుకు నిలబెట్టండి. ఫోన్ వాళ్ళ కళ్ళ ఎత్తులో పట్టుకోండి. నవ్వమని బలవంతపెట్టకండి, ఏదో ఒకటి మాట్లాడించండి, నవ్వు అదే వస్తుంది. మాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇది పోస్టర్ కోసం అని ఇంట్లో చెప్పకండి. చెప్పక్కర్లేదు కూడా. ఆ ఫోటో పెద్దది చేసి ఫ్రేము కట్టించి ఇప్పుడే హాల్లో పెట్టుకోండి, మనిషి ఉండగానే. పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని లోపలికి అడుగుపెట్టిన అమ్మ గోడ మీద తన ముఖం అంత పెద్దగా చూసుకుని, "నాది ఎందుకురా ఇంత పెద్దది" అని విసుక్కోవాలి. ఈ ఏడు మన తరగతి పిల్లలకు దీపావళి పని అదే ఇచ్చాం. ఒక్కొక్కరూ తమ ఇంట్లోవాళ్ళ ఫోటోలు తీసి, వెలుగు సరిచేసి తేవాలి. పేలుడు బొమ్మ వచ్చినవాళ్ళకు ఇది తేలికే అనుకుని మొదలుపెట్టారు. కాదని ఇప్పుడు వాళ్ళే చెప్తున్నారు.

పాత కంప్యూటర్ ఎవరింట్లోనైనా మూలన పడి ఉంటే హాల్లో ఇవ్వండి, బాగుచేసుకుంటాం. పిల్లల్ని ఆదివారం రెండు గంటలకు పంపండి. ఆడపిల్లల్ని కూడా పంపండి, మళ్ళీ చెప్తున్నాం.